పెరటి మడి, పొరుగు పొలం: కూరగాయలు పండించుకోవడానికి, రైతు దగ్గర నేరుగా కొనుక్కోవడానికి సమగ్ర మార్గదర్శి

ఇంటికి కావలసిన కూరగాయలన్నీ పెరట్లోనే పండించుకోవాలని పూనుకున్నవారు ఏడాది తిరగకుండానే విసిగిపోతున్నారంటే, అది ఓపిక లేకపోవడం వల్ల కాదు, ఉన్న కాస్త నేల మీద దాని శక్తికి మించిన భారం మోపడం వల్ల. ఉల్లి, బంగాళాదుంప, గుమ్మడి వంటి పంటలకు నేల ఎక్కువ కావాలి, కాలమూ ఎక్కువ పడుతుంది, కానీ కోసిన తర్వాత వారాలు, నెలలు చెడకుండా నిలుస్తాయి. ఆకుకూరలు, కొత్తిమీర, లేత బెండ, చిక్కుడు అలా కాదు. వాటికి చారెడు చోటు చాలు గాని, కోసిన గంట నుంచే వాడిపోవడం మొదలవుతుంది. కాబట్టి త్వరగా వాడిపోయేవాటిని ఇంట్లో పండించుకుని, నిలువ ఉండేవాటిని, విశాలమైన నేల అడిగేవాటిని దగ్గరలోని రైతు దగ్గర కొనుక్కోవడమే సరైన పంపకమని నా నమ్మకం. ఈ పంపకానికి రావడానికి నాకు నాలుగు పంటకాలాలు పట్టింది. కింద చెప్పిన పనులన్నీ దీన్ని ఆధారం చేసుకునే సాగుతాయి.

మొదటి అడుగు: వంటింటి లెక్క

విత్తనాలు కొనడానికి ముందు రెండు వారాల పాటు ఇంట్లో ఏ కూరగాయ ఎంత వాడారో, అందులో ఎంత వాడిపోయి పారేశారో ఒక పుస్తకంలో రాసుకోవాలి. పారేసిన వాటి జాబితాలో ఎక్కువసార్లు కనిపించేవి ఆకుకూరలు, కొత్తిమీర, పుదీనా వంటివే అయితే, మన మడిలో మొదటి స్థానం వాటిదే. ఎక్కువగా వాడుతూ, పెద్దగా పారేయనివి రైతు దగ్గర కొనవలసినవి. టమాటా, మిరప, వంగ ఈ రెండింటికీ మధ్యలో ఉంటాయి. ఎండ బాగా తగిలే చోటు ఉంటే నాలుగైదు మొక్కలు వేసుకుని, మిగిలినది కొనుక్కోవచ్చు.

మొదటి ఏడాది ఒక మీటరు వెడల్పు, మూడు మీటర్ల పొడవు ఉన్న ఒకే ఒక మడితో మొదలుపెట్టడం మేలు. వెడల్పు 1.2 మీటర్లు దాటకుండా చూసుకుంటే రెండు వైపుల నుంచీ చెయ్యి మధ్య దాకా అందుతుంది, మడిలో కాలు పెట్టవలసిన అవసరం రాదు. తొక్కిన మట్టి గట్టిపడుతుంది, గట్టిపడిన మట్టిలోకి గాలీ వేరూ రెండూ దిగవు.

రెండో అడుగు: ఎండ, చోటు, బరువు

కాయ కాసే మొక్కలకు రోజుకు కనీసం ఆరు గంటల నేరు ఎండ కావాలి. ఆకుకూరలు మూడు నాలుగు గంటల ఎండతో కూడా ఎదుగుతాయి. ఎండ ఎంత పడుతుందో అంచనాగా చెప్పుకోవడం కంటే, తెరిపి ఉన్న రోజున ఉదయం నుంచి సాయంత్రం దాకా రెండేసి గంటలకోసారి వెళ్లి నీడ అంచున ఒక పుల్ల గుచ్చి రావడం మంచిది. సూర్యుని దారి మారే కొద్దీ గోడ నీడ కూడా జరుగుతుంది కనుక ఈ పరీక్షను పంటకాలం మారినప్పుడల్లా మళ్లీ చేయాలి. నీటి కుళాయి దగ్గరగా ఉండడం కూడా ఎండంత ముఖ్యమైన విషయమే. దూరం నుంచి బిందెలు మోసి నీళ్లు పోయవలసిన మడి, మనకు పని ఎక్కువైన వారంలోనే ఎండిపోతుంది.

మేడ మీద పెంచాలనుకునేవారు బరువు లెక్క వేసుకోవాలి. చదరపు మీటరు చోటులో 30 సెంటీమీటర్ల మందాన తడి మట్టి నింపితే అది దాదాపు 500 కిలోలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే తూగుతుంది. అందువల్ల మట్టి పాలు తగ్గించి, కంపోస్టు, కొబ్బరిపొట్టు వంటి తేలికైనవి కలిపిన మిశ్రమాన్ని వాడాలి. తొట్లను కప్పు నడుమ కాకుండా గోడలు, దూలాల మీదుగా అమర్చాలి. పెద్ద ఎత్తున పెట్టే ముందు కట్టడాల గురించి తెలిసినవారికి చూపించాలి. తొట్టి లోతు విషయానికి వస్తే ఆకుకూరలకు 15 నుంచి 20 సెంటీమీటర్లు, క్యారెట్‌కు 30, టమాటా, వంగలకు 30 నుంచి 45 సెంటీమీటర్లు కావాలి. అడుగున నీరు పోయే రంధ్రాలు లేని తొట్టిలో మొక్కలు సాధారణంగా ఎక్కువ కాలం బతకవు.

మూడో అడుగు: మట్టిని తెలుసుకోవడం, బాగుచేయడం

మట్టి స్వభావం తెలుసుకోవడానికి ఒక గాజు సీసా చాలు. మూడో వంతు మట్టి వేసి, మిగతా భాగం నీటితో నింపి, మూత బిగించి, గడ్డలన్నీ విడిపోయేలా బాగా గిలకొట్టి కదలని చోట పెట్టాలి. ఒకటి రెండు నిమిషాల్లో ఇసుక అడుగుకు చేరుతుంది, ఆ పైన రెండు గంటల్లో ఒండ్రు పేరుకుంటుంది, మెత్తని బంకరేణువులు దిగడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. మూడు పొరల మందాలను చూస్తే చేతిలో ఉన్నది ఏ మట్టో తెలిసిపోతుంది. ఇసుక ఎక్కువైతే నీరు, పోషకాలు నిలవవు, బంక ఎక్కువైతే నీరు ఇంకదు. విచిత్రమేమంటే రెండింటికీ మందు ఒకటే, అది బాగా చివికిన సేంద్రియ ఎరువు. బంకమట్టిలో కాస్త ఇసుక కలిపి సరిపెట్టుకుందామనుకోవడం పొరపాటు. అలా కలిపిన మట్టి ఒక్కోసారి ఆరిన తర్వాత ఇటుకలా బిగుసుకుపోతుంది.

మట్టి ఉదజని సూచిక (పీహెచ్, అంటే ఆమ్ల, క్షార గుణాల కొలత) 6 నుంచి 7 మధ్య ఉంటే కూరగాయలకు అనుకూలం. పాత కట్టడాల పక్కన, వాహనాలు తిరిగే దారుల పక్కన ఉన్న నేలల్లో పాత రంగుల నుంచి, పాత ఇంధనం పొగ నుంచి చేరిన సీసం మిగిలి ఉండే అవకాశం ఉంది. అటువంటి చోట్ల మట్టిని ప్రయోగశాలలో పరీక్ష చేయించాలి, ఫలితం వచ్చేదాకా వేరే చోటి నుంచి తెచ్చిన మంచి మట్టి నింపిన ఎత్తు మడుల్లోనే పెంచాలి. ఈ జాగ్రత్త పిల్లలున్న ఇళ్లకు మరీ అవసరం.

కంపోస్టు తయారీ మన చేతిలోని పని. ఎండుటాకులు, గడ్డి వంటి ఎండు పదార్థాలు రెండు మూడు పాళ్లు, కూరగాయల తొక్కలు, పచ్చి ఆకులు ఒక పాలు చొప్పున పొరలు పొరలుగా వేసి, గుప్పిట పిండితే ఒకటి రెండు చుక్కలు మాత్రమే రాలేంత తడి ఉంచాలి. కుప్ప పొడవు, వెడల్పు, ఎత్తు ఒక్కొక్క మీటరు ఉంటే లోపల వేడి 55 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. ఆ వేడి కొన్ని రోజులు నిలిచి, మధ్యమధ్య తిరగేసి బయటి పదార్థాన్ని లోపలికి పంపితే కలుపు విత్తనాలు, రోగకారక సూక్ష్మజీవులు చాలావరకు చస్తాయి. కుళ్లు వాసన వస్తే తడి ఎక్కువైందని అర్థం, ఎండుటాకులు కలపాలి. ఎన్నాళ్లైనా కుప్ప వేడెక్కకపోతే పచ్చి పదార్థమో నీరో తక్కువైందన్నమాట. పశువుల పచ్చిపేడను మాత్రం కూరగాయల మడిలో నేరుగా వేయకూడదు. వేసినట్లయితే నేలను తాకే పంటల కోతకు కనీసం 120 రోజులు, తాకని పంటల కోతకు 90 రోజులు ఎడం ఉండాలని అమెరికా సేంద్రియ ప్రమాణాలు చెబుతున్నాయి. ఆకుకూరలను పచ్చిగా తినేవారు ఈ గడువును తేలికగా తీసుకోకూడదు.

నాలుగో అడుగు: విత్తనం, నారు

పాత పొట్లంలో మిగిలిన విత్తనాలను మడిలో చల్లి ఎదురుచూడడం కంటే ముందుగా పరీక్షించడం మేలు. పది గింజలను తడిగుడ్డలో చుట్టి వెచ్చని చోట ఉంచి, వారం పదిరోజుల తర్వాత విప్పి చూడాలి. ఏడు మొలిస్తే కాస్త ఒత్తుగా విత్తాలి, ఐదు కూడా మొలవకపోతే కొత్తవి తెచ్చుకోవాలి. ఉల్లి విత్తనం ఏడాదికే నీరసిస్తుంది. టమాటా, దోస విత్తనాలు పొడిగా, చల్లగా దాస్తే నాలుగైదేళ్లు పనిచేస్తాయి. విత్తనం దాచుకునే ఉద్దేశం ఉన్నవారు సూటి రకాలనే, అంటే హైబ్రిడ్ కానివాటినే ఎంచుకోవాలి, ఎందుకంటే హైబ్రిడ్ కాయల నుంచి తీసిన గింజలు తల్లి మొక్క గుణాలతో మొలవవు.

గింజ మందానికి రెండు మూడు రెట్ల లోతున విత్తడం మామూలు పద్ధతి. బెండ గింజలను రాత్రి నానబెట్టి విత్తితే త్వరగా మొలుస్తాయి. ముల్లంగి, క్యారెట్, చిక్కుడు నేరుగా మడిలో విత్తవలసినవి. టమాటా, వంగ, మిరప నారు పోసి నాటవలసినవి. నారుమడిలో నీరు ఎక్కువై, గాలి ఆడకపోతే మొలకలు మొదలు దగ్గర నల్లబడి పడిపోతాయి, దీన్నే నారుకుళ్లు తెగులు అంటారు. నాటడానికి ముందు వారం పదిరోజులు నారును రోజుకు కొంచెం కొంచెంగా ఎండకు, గాలికి అలవాటు చేసి, సాయంత్రం పూట నాటాలి. టమాటా నారును కింది ఆకులు తుంచి, కాండం సగం దాకా మట్టిలోకి దించి నాటితే ఆ కాండం పొడవునా కొత్త వేళ్లు వస్తాయి. మొక్కకూ మొక్కకూ 60 సెంటీమీటర్ల ఎడం చూసి, చిన్నప్పుడు ఖాళీ ఎక్కువగా ఉన్నట్టు అనిపించినా, దగ్గరగా నాటాలన్న కోరికను ఆపుకోవాలి.

ఐదో అడుగు: నీరు, ఆచ్ఛాదన

పెరటి తోటల్లో జరిగే నష్టాల్లో సగానికి మూలం నీటి దగ్గరే ఉంటుందని నా అనుభవం. వారానికి 25 మిల్లీమీటర్ల నీరు, అంటే చదరపు మీటరుకు 25 లీటర్లు, సాధారణ వాతావరణంలో సరిపోతుంది. ఎండలు ముదిరినప్పుడు, మట్టిలో ఇసుక ఎక్కువ ఉన్నప్పుడు ఇంకా కావాలి. అయితే ఈ నీటిని రోజూ కాసిని చల్లడం కంటే రెండు మూడు తడులుగా నిండుగా పెట్టడం మంచిది.

దీన్ని కళ్లారా చూడాలంటే మడికి రోజూ చల్లినట్టే నీళ్లు చల్లి, పావుగంట ఆగి, మొక్కకు జానెడు దూరంలో వేలితో మట్టిని పక్కకు తీసి చూడండి. పైన నల్లగా, తడిగా మెరుస్తున్న పొర గోరంత మందం కూడా ఉండదు. దాని కింద మట్టి పొడిపొడిగా, లేతరంగులో, వేలికి అంటకుండా రాలిపోతుంది. వేళ్లు ఉన్నది ఆ పొడి మట్టిలోనే. ఒక ఏడాది నా టమాటాలకు వరుసగా కాయ అడుగు నల్లబడి కుళ్లింది. తెగులనుకుని మందు కోసం వెతికాను, చివరికి తవ్వి చూస్తే కారణం ఇదే. మట్టిలో సున్నం ఉన్నా, నీరు ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ అయినప్పుడు అది కాయ అంచు దాకా చేరదు. తడి పెట్టే పద్ధతి మార్చిన తర్వాత వచ్చిన కాయలు శుభ్రంగా ఉన్నాయి.

నీరు పెట్టాలో వద్దో తేల్చుకోవడానికి చూపుడు వేలిని రెండు కణుపుల దాకా మట్టిలోకి దించి చూడడమే నమ్మదగిన పద్ధతి. ఉదయం పూట, ఆకుల మీద కాకుండా మొదళ్లలో పోయాలి. మొక్కలు జానెడెత్తు ఎదిగాక ఎండుగడ్డి, ఎండుటాకులు ఐదు నుంచి ఎనిమిది సెంటీమీటర్ల మందాన మొదలుకు తాకకుండా ఆచ్ఛాదనగా పరిస్తే తడి నిలుస్తుంది, కలుపు అణుగుతుంది.

ఆరో అడుగు: పూత, పిందె, పురుగు

గుమ్మడి, సొర, దోస తీగలకు తొలి పూత విరగబూసినా పిందె నిలవకపోతే కంగారు పడనక్కరలేదు. మొదట వచ్చేవి సాధారణంగా మగపూలే. ఆడపువ్వు వెనక చిన్న పిందె ఉంటుంది, మగపువ్వుకు సన్నని కాడ మాత్రమే ఉంటుంది. తేనెటీగలు రాని చోట, గుమ్మడికైతే తెల్లవారిన వెంటనే అప్పుడే విచ్చిన మగపువ్వును కోసి, రేకులు తీసేసి, పుప్పొడిని ఆడపువ్వు మధ్యభాగానికి మెల్లగా అద్దాలి. టమాటా పువ్వు తనంతట తానే ఫలదీకరణ చెందుతుంది, గాలి ఆడని చోట గుత్తిని వేలితో తట్టితే చాలు. వేడి 35 డిగ్రీలు దాటే రోజుల్లో టమాటా పూత రాలడం సహజం, అప్పుడు ఎరువు పెంచితే ఆకు పెరుగుతుందే కాని కాయ రాదు.

పురుగుల విషయంలో మొదటి ఆయుధం చూపే. రెండు రోజులకోసారి ఆకులను తిప్పి అడుగువైపు చూడడం అలవాటు చేసుకుంటే పేనుబంక, తెల్లదోమ, గుడ్ల గుంపులు తొలిదశలోనే దొరుకుతాయి. గొంగళిపురుగులను చేతితో ఏరేయవచ్చు, పేనుబంకను నీటి ధారతో కొట్టి రాల్చవచ్చు. అప్పటికీ తగ్గకపోతే లీటరు నీటికి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కలవడానికి కొన్ని చుక్కల సబ్బునీరు చేర్చి, ముందు ఒక ఆకు మీద పరీక్షించి, తేనెటీగలు వెళ్లిపోయిన సాయంత్రం వేళ పిచికారీ చేయాలి. పేనుబంక మధ్య నల్లటి ఒంటి మీద నారింజ మచ్చలతో, చిన్న మొసలి పిల్లలా పాకే పురుగు కనిపిస్తే దాన్ని ముట్టుకోవద్దు. అది అక్షింతల పురుగు పిల్ల, పేనుబంకను తిని బతుకుతుంది.

ఏడో అడుగు: కోత, మళ్లీ విత్తడం

బెండ, చిక్కుడు, దోస కాయలను రెండు రోజులకోసారి కోయకపోతే ముదిరి, మొక్క కొత్త పూత తగ్గించేస్తుంది. ఆకుకూరలను వేళ్లతో సహా పీకకుండా, మూడు నాలుగు చేతివేళ్ల వెడల్పున మొదలు వదిలి కోస్తే మళ్లీ చిగురుస్తాయి. ముల్లంగి, తోటకూర వంటి నెల రోజుల పంటలను ఒకేసారి మడి నిండా విత్తకుండా రెండు వారాలకో వరుస చొప్పున విత్తాలి. టమాటా, వంగ, మిరప, బంగాళాదుంప ఒకే కుటుంబానికి చెందినవి కాబట్టి ఒకదాని తర్వాత మరొకటి అదే మడిలో వేయకుండా, మూడేళ్లకోసారి తిరిగి వచ్చేలా చూడాలి.

ఎనిమిదో అడుగు: రైతును వెతకడం, మాట్లాడడం

ఇక మన మడి ఇవ్వలేనిదాన్ని కొనడం. రైతులు నేరుగా అమ్మే సంతలో మొదటి రోజు కొనడం కంటే చూడడం ముఖ్యం. ఒకే బల్ల మీద అన్ని కాలాల కూరగాయలు, అన్నీ ఒకే పరిమాణంలో కనిపిస్తే అవి వేరేచోట కొని తెచ్చి అమ్ముతున్నవి కావచ్చు. తప్పని కాదు, తెలుసుకుని కొనాలని. తొడిమ కోసిన చోటు పచ్చిగా, చెమ్మగా ఉంటే తాజాది. ఎండి గోధుమరంగుకు మారితే కోసి ఒకటి రెండు రోజులైందని అర్థం.

స్వయంగా నాలుగు మొక్కలు పెంచినవారికి రైతును ఏమి అడగాలో తెలుస్తుంది. ఎప్పుడు కోశారు, ఈ వారం పంటకు ఏ పురుగు వచ్చింది, దానికేం చేశారు, మందు కొడితే ఎన్ని రోజులాగి కోశారు, ఆకుకూరలకు పెట్టే నీరు ఎక్కడిది అని అడగాలి. నిలదీసినట్టు కాదు, తోటి సాగుదారులా. పురుగే రాలేదని చెప్పేవారి కంటే, వచ్చింది, ఇలా చేశాం, కొంత పోయింది అని చెప్పేవారి మాటనే నేను నమ్ముతాను. సేంద్రియ ధ్రువపత్రం ఉంటే మంచిదే, అయితే దాని ఖర్చు, రాతకోతలు చిన్న రైతులకు భారమవుతాయి కనుక పత్రం లేనంత మాత్రాన కొట్టిపారేయకూడదు. రైతులు, కొనుగోలుదారులు కలిసి ఒకరి పొలాలను ఒకరు పరిశీలించుకునే భాగస్వామ్య హామీ పద్ధతులు చాలా దేశాల్లో ఉన్నాయి. రైతు పిలిస్తే పొలానికి వెళ్లాలి, పిలవకుండా వెళ్లకూడదు.

దగ్గరలో పండినదంతా ప్రకృతికి మేలైనదని అనుకోవడం కూడా సరికాదు. ఆహారం వల్ల వెలువడే కర్బన ఉద్గారాల్లో రవాణా వాటా సాధారణంగా చిన్నదే. అదును కాని కాలంలో వేడి చేసిన గాజు గృహంలో పండించిన టమాటాకు, ఎండలో పండి దూరం నుంచి వచ్చిన టమాటా కంటే ఎక్కువ ఇంధనం ఖర్చు కావచ్చు. అందువల్ల దగ్గరిదీ, అదునులో పండినదీ అయినప్పుడే దాని విలువ పూర్తిగా దక్కుతుంది.

తొమ్మిదో అడుగు: ముందస్తు ఒప్పందం

పంటకాలం మొదట్లోనే డబ్బు కట్టి, ప్రతి వారం పంటలో వాటా తీసుకునే పద్ధతి జపానులో 1970ల్లో ‘తేకేయి’ అనే పేరుతో రైతులకూ వినియోగదారులకూ మధ్య వచ్చిన ఒప్పందాలతో గుర్తింపు పొందింది. అమెరికాలో 1986లో మసాచుసెట్స్, న్యూ హాంప్‌షైర్ రాష్ట్రాల్లోని రెండు పొలాలతో ఇటువంటిదే మొదలైంది. రైతుకు పెట్టుబడి అవసరమైన సమయంలో డబ్బు అందడం, వాన చెడినా తెగులు వచ్చినా నష్టాన్ని అందరూ పంచుకోవడం దీని సారం. చేరే ముందు వాటా ఎంత, ఎన్ని వారాలు, ఎక్కడ తీసుకోవాలి, ఊళ్లో లేని వారం ఏమి చేస్తారు, పంట పోతే ఎలా అన్నవి స్పష్టంగా మాట్లాడుకోవాలి. మన మడిలో ఉన్న ఆకుకూరలే వాటాలోనూ వస్తే రెండూ వృథా అవుతాయి కనుక, దుంపలు, ఉల్లి, గుమ్మడి ఎక్కువగా ఉండే వాటాను కోరుకోవాలి. తీరా ఒక వారం సంచి సగమే నిండితే గొణగకుండా తీసుకోగలిగినవారే ఇందులో చేరాలి. ఆ పాటి స్థైర్యం లేకపోతే సంతలో వారం వారం కొనుక్కోవడమే ఇద్దరికీ మంచిది.

కూరగాయలతో పాటు రైతు దగ్గర పాలు కూడా నేరుగా కొనేవారు వాటిని కాచకుండా తాగకూడదు. 72 డిగ్రీల వద్ద 15 సెకన్లు లేదా 63 డిగ్రీల వద్ద 30 నిమిషాలు వేడి చేయడం పాశ్చరీకరణకు ప్రమాణం, ఇంట్లో పొంగు రానిస్తే సరిపోతుంది.

పదో అడుగు: నిలువ

కాపు ముమ్మరంగా ఉన్న వారాల్లో మచ్చలున్న, వంకర తిరిగిన కాయలను రైతులు తక్కువకే ఇస్తారు. నిలువ చేసుకోవడానికి అదే అదను. చిక్కుడును మరిగే నీటిలో రెండు మూడు నిమిషాలు ఉంచి, వెంటనే చన్నీటిలో వేసి, తడి ఆరనిచ్చి, ఫ్రీజరులో గడ్డకట్టిస్తే నెలల తరబడి నిలుస్తుంది. సీసాల్లో బిగించి దాచేవారు ఒక్క విషయం మరువకూడదు: చిక్కుడు వంటి పులుపు లేని కూరగాయల్లో బొటులిజం అనే ప్రాణాంతకమైన ఆహార విషబాధను కలిగించే సూక్ష్మజీవి బీజాలు 100 డిగ్రీల మరుగు నీటికి చావవు, వాటికి అధిక పీడనంలో 116 డిగ్రీలు దాటిన వేడి కావాలి. టమాటా పులుపు హద్దు మీద ఉంటుంది కనుక సీసాలో పెట్టేటప్పుడు నిమ్మరసం చేర్చాలి. బంగాళాదుంపలను చీకట్లో, ఉల్లికి దూరంగా ఉంచాలి, పచ్చబడిన దుంపల్లో సొలనిన్ అనే విషపదార్థం పెరుగుతుంది. వంకాయ, దోసకాయ పది డిగ్రీల కంటే చల్లని చోట దెబ్బతింటాయి, టమాటా రుచి కోల్పోతుంది.

వంటింటి లెక్క రాసుకున్న పుస్తకంలోనే విత్తిన తేదీ, మొలిచిన తేదీ, తొలి కోత, రైతు దగ్గర ఏ వారం ఏది ముమ్మరంగా దొరికింది అన్నవి కూడా రాసుకుంటూ పోవాలి. పంటకాలం ముగిసే వారం మన రైతును వచ్చే కాలానికి ఏమేమి విత్తుతున్నారో అడిగి, ఆ జాబితాను ఎదురుగా పెట్టుకుని, అందులో లేనివాటికీ దారిలోనే వాడిపోయేవాటికీ మడిలో వరుసలు గీసుకున్న తర్వాతే విత్తనాల పొట్లాలు విప్పాలి.